'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవలలో మిషనరీలు: ఒక విమర్శ

8.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు
- నవలలోని మిషనరీ పాత్రల మధ్య ఉన్న తేడాలను వివరించగలుగుతారు.
- ఇగ్బో పల్లెల్లో కొత్త మతంలోకి మొదట ఎవరు వెళ్లారో, ఎందుకు వెళ్లారో చెప్పగలుగుతారు.
- రచయిత దృష్టిలోని బలాన్నీ పరిమితినీ ఆధారాలతో అంచనా వేయగలుగుతారు.

8.1 ప్రస్తావన

కిందటి భాగంలో నైజీరియా రచయిత చినువా అచెబె (1930-2013) జీవిత విశేషాలు, 1958లో వెలువడిన ఆయన తొలి నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' కథాసంగ్రహం చదివారు. ఇప్పుడు ఆ నవలలోని ఒకే ఒక్క అంశాన్ని తీసుకొని పరిశీలిద్దాం. ఆ అంశం క్రైస్తవ మిషనరీలు. సముద్రాలు దాటి, తమ భాష ఎవరికీ తెలియని పల్లెల్లో కాపురం పెట్టి, అక్కడే చర్చి, బడి, వైద్యశాల కట్టినవారు వాళ్లు.

ఈ అంశం మీద ప్రశ్న వస్తే విద్యార్థులు సాధారణంగా రెండు జవాబుల్లో ఒకటి రాస్తారు. మిషనరీలు వచ్చి ఇగ్బో సంస్కృతిని నాశనం చేశారన్నది ఒకటి. మిషనరీలు వచ్చి మూఢాచారాలను తొలగించారన్నది రెండోది. రెండింటికీ నవలలో కొన్ని ఆధారాలు దొరుకుతాయి. కాని నవల మొత్తాన్ని చూస్తే రెండూ నిలబడవు. ఎందుకంటే రెండు జవాబుల్లోనూ పని చేసేవాడు మిషనరీ ఒక్కడే. పల్లెవాళ్లు ఊరికే నిలబడి చూస్తున్నట్లుంటుంది.

అందుకే ఈ భాగంలో ప్రశ్ననే మార్చుకుందాం. మిషనరీ ఏం తెచ్చాడని కాకుండా, అతని దగ్గరికి ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అని అడుగుదాం. ఈ ప్రశ్నను చివరిదాకా తీసుకువెళ్తే నవల గొప్పదనం తెలుస్తుంది. రచయిత చూపు ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలుస్తుంది.

8.2 నేపథ్యం

ఇగ్బోలు నేటి నైజీరియా ఆగ్నేయ భాగంలో నివసించే ప్రజలు. ఇంగ్లండుకు చెందిన చర్చ్ మిషనరీ సొసైటీ 1857లో నైజర్ నది ఒడ్డున ఉన్న ఒనిచా పట్టణంలో తన కేంద్రాన్ని ప్రారంభించింది. ఆ పనికి నాయకత్వం వహించినవాడు తెల్లవాడు కాదు. ఆయన పేరు శామ్యూల్ అజాయి క్రౌథర్. యోరుబా జాతివాడు. చిన్నతనంలో బానిసగా అమ్ముడుపోయాడు. 1822లో బ్రిటిష్ నౌకాదళం బానిస ఓడను పట్టుకోవడంతో విడుదలై సియెర్రా లియోన్‌లో చదువుకున్నాడు. 1864లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ పదవి పొందిన మొదటి ఆఫ్రికన్ ఆయనే. ఆయన చివరి రోజుల్లో యూరపు నుంచి వచ్చిన యువ మిషనరీలు ఆయన అధికారాన్ని ప్రశ్నించారు. 1891లో ఆయన మరణించాక ఆ స్థానంలో యూరోపియన్‌నే నియమించారు. మిషనరీ చరిత్రలో సేవ, అధికారం ఎలా పెనవేసుకొని ఉంటాయో ఈ ఒక్క జీవితం చెబుతుంది.

అచెబె ఈ చరిత్రకు బయటివాడు కాదు. ఆయన తండ్రి ఇసయా అచెబె అదే సొసైటీలో ఉపదేశిగా, ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. రచయిత అసలు పేరు ఆల్బర్ట్ చినువాలుమోగు. ఒగిడి అనే ఊళ్లో క్రైస్తవ కుటుంబాలు ఒకవైపు, పాత ఆచారాలు పాటించే బంధువులు మరోవైపు ఉండగా పెరిగాడు. కాబట్టి మిషనరీల గురించి రాసేటప్పుడు ఆయన శత్రువు గురించి రాయడం లేదు, తన ఇంటి గురించి రాస్తున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకొని ముందుకు సాగండి.

8.3 ఆరుగురిలో ఒక్కడు

నవలలో మూడు విభాగాలు, 25 అధ్యాయాలు ఉన్నాయి. మొదటి 13 అధ్యాయాల్లో మిషనరీ ఎవరూ కనిపించరు. పెండలం సాగు, పెళ్లి మాటలు, న్యాయపంచాయితీ, కుస్తీ పోటీలు, కొడుకులాగా ఇంట్లో పెరిగిన ఇకెమెఫునాను దేవత ఆజ్ఞ పేరుతో చంపడం, ఇవన్నీ ముందే జరిగిపోతాయి. ఆ సమాజంలో అందమూ ఉంది, క్రమశిక్షణా ఉంది, క్రూరత్వమూ ఉంది. ఇవి మూడూ మనకు తెలిసిన తర్వాతే కథలోకి చర్చి వస్తుంది.

16వ అధ్యాయంలో ఎంబాంటా గ్రామానికి మిషనరీలు వస్తారు. అచెబె ఇక్కడ లెక్క చెబుతాడు. వచ్చినవాళ్లు ఆరుగురు. వాళ్లలో తెల్లవాడు ఒక్కడే. చదివేటప్పుడు మన కళ్లు ఆ ఒక్కడి మీదే నిలుస్తాయి. గ్రామస్థుల కళ్లు కూడా అంతే. కాని పని నడిపేది మిగిలినవాళ్లు. తెల్లవాడి మాటను ఊరివాళ్లకు చెప్పే దుబాసీ ఇగ్బోవాడే అయినా అతని యాస వేరు. 'నేను' అనాల్సిన ప్రతిచోటా అతని నోట 'నా పిరుదులు' అనే అర్థం వచ్చే మాట వస్తుంది. ఊరు ఊరంతా నవ్వుతుంది.

దీన్ని హాస్యం కోసం రాసిన సన్నివేశం అనుకొని వదిలేయకండి. పరాయి దేశంలో మత ప్రచారం అంటే ముందుగా అది అనువాదం. దేవుడు, పాపం, రక్షణ అనే మాటలకు ఆ భాషలో సమానమైన మాటలు వెతకాలి. ఆ మాటలు ఎవరి యాసలో పలకాలో కూడా తేల్చుకోవాలి. చరిత్రలోనూ ఇదే ఇబ్బంది ఎదురైంది. ఆర్చ్‌డీకన్ థామస్ డెన్నిస్ నాయకత్వంలో 1913లో వెలువడిన ఇగ్బో బైబిల్ కోసం రకరకాల మాండలికాలను కలిపి ఒక ఉమ్మడి భాషను తయారుచేశారు. అది ఏ ఊరివాళ్లూ ఇంట్లో మాట్లాడుకునే భాష కాదు. అచెబె తర్వాతి కాలంలో ఆ భాషను గట్టిగా విమర్శించాడు.

22వ అధ్యాయంలో దుబాసీ మళ్లీ వస్తాడు. అతని పేరు ఒకేకే. చర్చి ముందు ఊరి పెద్దలు కోపంతో నిలబడి ఉంటారు. ఇది దేవుని ఇల్లు, ఇక్కడినుంచి వెళ్లిపొమ్మని చెప్పమంటాడు మిషనరీ స్మిత్. ఒకేకే ఆ మాటను అలాగే చెప్పడు. మీరు స్నేహితుల్లాగా వచ్చి బాధ చెప్పుకున్నందుకు దొరగారికి సంతోషంగా ఉందనీ, ఈ విషయం ఆయనకే వదిలేయమంటున్నారనీ చెబుతాడు. చర్చి తగలబడకుండా అది ఆపలేదు. కాని ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ రోజు రెండు లోకాల మధ్య నిలబడి బుద్ధిగా వ్యవహరించింది అతనొక్కడే. ముందు రాత్రి అతని సలహాను స్మిత్ కసురుకున్నాడన్న సంగతి కూడా గమనించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
నవలలో దుబాసీ పాత్రలకు ఉన్న ప్రాధాన్యం ఏమిటి? (జవాబును 8 వాక్యాల్లో రాయండి.)

8.4 బ్రౌన్, స్మిత్, కియాగా

ముందుగా ఒక చిన్న హెచ్చరిక. ఈ నవలలోని బ్రౌన్‌కూ, తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్‌కూ ఏ సంబంధమూ లేదు. మన బ్రౌన్ మిషనరీ కూడా కాదు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి.

నవలలోని బ్రౌన్ శాంత స్వభావి. తన విశ్వాసులు పాతమతం వారిని రెచ్చగొట్టకుండా అదుపులో ఉంచుతాడు. అకున్నా అనే పెద్దమనిషి ఇంట్లో కూర్చొని గంటల తరబడి దేవుడి గురించి మాట్లాడతాడు. ఇద్దరూ ఒకరినొకరు మార్చలేకపోతారు. కాని ఒకరి నమ్మకం గురించి మరొకరు తెలుసుకుంటారు. స్మిత్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. అతనికి లోకంలో తెలుపూ నలుపూ తప్ప మరో రంగు కనబడదు. అతని అండ చూసుకొనే ఈనాక్ అనే విశ్వాసి, పూర్వీకుల ఆత్మగా వచ్చిన ఎగ్వుగ్వు ముసుగును అందరిముందూ లాగేస్తాడు. అక్కడినుంచి పతనం మొదలవుతుంది.

చాలా విమర్శలు ఇక్కడే ముగుస్తాయి. బ్రౌన్ మంచివాడు, స్మిత్ చెడ్డవాడు, ఇద్దరినీ చూపాడు కనుక అచెబె నిష్పక్షపాతి అని తేలుస్తాయి. ఇది పైపై పరిశీలన. స్వభావాలను పక్కనపెట్టి ఫలితాలను చూడండి. అకున్నాతో మాట్లాడి బ్రౌన్ నేర్చుకున్నదేమిటి? ఈ మతాన్ని ఎదురుగా ఢీకొంటే లాభం లేదని. అందుకని బడి పెట్టాడు, చిన్న ఆసుపత్రి కట్టాడు. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడికి పంపమని బతిమాలాడు. మీ పిల్లలు చదవకపోతే ఎక్కడినుంచో వచ్చినవాళ్లు మిమ్మల్ని పాలిస్తారని హెచ్చరించాడు. వచ్చినవాళ్లకు బనియన్లు, తువ్వాళ్లు ఇచ్చాడు. కొద్ది నెలల చదువుతో కోర్టు బంట్రోతు ఉద్యోగం, కోర్టు గుమాస్తా ఉద్యోగం దొరకసాగాయి. బడి నుంచి కోర్టుకూ, కోర్టు నుంచి కమిషనరు కచేరీకీ దారి పడింది.

అంటే బ్రౌన్ దయ నిజమైనదే. ఆ దయ వల్ల వచ్చిన మార్పు మాత్రం స్మిత్ కాఠిన్యం వల్ల వచ్చిన దానికంటే లోతైనది. స్మిత్ కాలంలో చర్చిని ఊరివాళ్లు కాల్చగలిగారు. బ్రౌన్ బడిని ఎవరూ కాల్చాలనుకోలేదు, అందులో చదువుకోవాలనుకున్నారు. సేవ చేసేవాడి మంచితనాన్ని శంకించకుండానే, ఆ సేవ ఏ అధికారానికి తోడ్పడిందని అడగవచ్చని ఈ నవల నేర్పుతుంది. చరిత్రలో మేరీ స్లెస్సర్ (1848-1915) ఉదాహరణ చూడండి. స్కాట్లండు నుంచి వచ్చి, కాలబార్ ప్రాంతపు లోపలి పల్లెల్లో జీవితమంతా గడిపింది. ఆ ప్రాంతంలోనూ కవలలు పుడితే అరిష్టమని పారేసేవారు. అలాంటి బిడ్డలను ఆమె తెచ్చి పెంచుకుంది. ఆమే బ్రిటిష్ ప్రభుత్వం తరఫున న్యాయాధికారిగా తీర్పులు కూడా చెప్పింది. ఈ రెంటిలో ఒకటే రాసి మరొకటి విడిచిపెడితే అది చరిత్ర అనిపించుకోదు.

మూడోవాడు కియాగా. ఇతను ఆఫ్రికనే. ఎంబాంటాలో చర్చి బాధ్యత ఇతనిదే. విమర్శకులు ఇతని గురించి తక్కువగా రాస్తారు. కాని నవలలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం తీసుకున్నది ఇతనే. దాని గురించి తర్వాతి విభాగంలో చూద్దాం.

8.5 చర్చి గుమ్మం తొక్కినవారు

చర్చి కట్టుకోవడానికి ఎంబాంటా పెద్దలు మిషనరీలకు చెడ్డ అడవిలో స్థలం ఇస్తారు. అంటురోగాలతో చనిపోయినవారినీ, కవలలనూ పారేసే చోటు అది. ఏడు అంగడి వారాలు, అంటే 28 రోజులు దాటితే అక్కడ ఎవరూ బతకరని ఊరి నమ్మకం. గడువు దాటుతుంది. ఎవరూ చావరు. అప్పుడు ఒక్కొక్కరే వస్తారు.

మొదట న్వోయే, కథానాయకుడు ఒకాంక్వో పెద్దకొడుకు. అతన్ని లాగింది సిద్ధాంతం కాదు. త్రిత్వం గురించి చెప్పింది అతనికి అర్థమే కాలేదు. చీకటిలో భయంతో ఉన్న అన్నదమ్ముల గురించి పాడిన పాట అతని మనసును పట్టుకుంది. అడవిలో ఏడ్చిన కవలలు, తండ్రి చేతిలో చచ్చిపోయిన ఇకెమెఫునా చాలాకాలంగా అతని మనసులో మెదులుతున్నారు. అతని ప్రశ్నకు ఊళ్లో జవాబు లేదు. పాటలో జవాబు ఉన్నట్లనిపించింది.

తర్వాత ఓసులు. వీళ్లు దేవతకు అంకితమైనవాళ్లు. వాళ్ల సంతానం కూడా ఓసులే. మిగిలినవాళ్లతో పెళ్లి సంబంధం లేదు, జుట్టు కత్తిరించుకోకూడదు, చచ్చిపోతే చెడ్డ అడవే గతి. వీళ్లు చర్చికి వస్తే మిగిలిన విశ్వాసులే అడ్డుపడతారు. కొత్త మతం పుచ్చుకున్నవాళ్లు పాత అంటరానితనాన్ని వదలలేదన్నమాట. కియాగా పట్టు వీడడు. విశ్వాసులు వెళ్లిపోయినా సరేనని నిలబడతాడు. ఓసులను జుట్టు తీయించుకోమంటాడు. వాళ్లు భయపడుతూనే తీయించుకుంటారు. ఆ తర్వాత చర్చికి వాళ్లే గట్టి అండ అవుతారు. పరదేశం నుంచి వచ్చిన మాటకు ఊళ్లో విలువ వచ్చింది ఈ క్షణంలోనే. ఆ పని చేసింది తెల్లవాడు కాదు.

ఇక ఎన్నెకా. చర్చిలోకి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. గట్టిగా ఉన్న రైతు భార్య. నాలుగుసార్లు ప్రసవించింది, నాలుగుసార్లూ కవలలే. ఎనిమిది మంది బిడ్డలనూ అడవిలో పారేశారు. ఇప్పుడు నిండు గర్భిణి. పారిపోయి చర్చికి వస్తుంది. పీడ పోయిందనుకుంటారు అత్తింటివారు.

ఈ పేరును 14వ అధ్యాయంతో కలిపి చదవండి. ఏడేళ్ల ప్రవాస శిక్షతో తల్లి పుట్టిన ఊరు ఎంబాంటాకు వచ్చి కుంగిపోయిన ఒకాంక్వోను మేనమామ ఉచెందు కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేస్తాడు. బిడ్డ తండ్రికి చెందినదైనా, మన ఆడపిల్లలకు ఎన్నెకా అనే పేరు ఎందుకు పెట్టుకుంటాం? ఎన్నెకా అంటే తల్లే గొప్పది అని అర్థం. కష్టం వచ్చినప్పుడు మనిషి తల్లి ఊరికి చేరుకుంటాడు, తల్లి కాపాడుతుంది, అందుకే ఆ పేరు అని ఉచెందు వివరిస్తాడు. ఆ మాటలు నవలలోని ఇగ్బో జ్ఞానానికి శిఖరం వంటివి. మూడు అధ్యాయాల తర్వాత అదే ఊళ్లో అదే పేరు గల తల్లికి ఆశ్రయం దొరకలేదు. తల్లే గొప్పదని చెప్పుకున్న ఊరు, ఆ పేరు పెట్టుకున్న స్త్రీని తల్లి కానివ్వలేదు. అచెబె ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపడు, వ్యాఖ్యానించడు. పాఠకుడే పట్టుకోవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
న్వోయే, ఓసులు, ఎన్నెకా చర్చిలో చేరడానికి గల కారణాలను పోల్చండి.

8.6 నవల ఆగిన చోటు

నవల ముగింపు మీకు గుర్తుండే ఉంటుంది. ఒకాంక్వో ఉరి వేసుకున్నాక జిల్లా కమిషనర్ తాను రాయబోయే పుస్తకం గురించి ఆలోచిస్తాడు. ఈ మనిషి గురించి ఒక అధ్యాయం కాకపోయినా ఒక పేరా రాయవచ్చు అనుకుంటాడు. మనం 25 అధ్యాయాలు చదివిన జీవితం పాలకుడి పుస్తకంలో ఒక్క పేరాకు కుదించుకుపోతుంది. వలస పాలకుల చరిత్ర రచన మీద ఇంతకంటే పదునైన విమర్శ అరుదు.

ఈ విమర్శనే కొలబద్దగా తీసుకొని నవలనూ కొలవాలి. ఎన్నెకాకు నవలలో దక్కింది ఎంత? దాదాపు ఒక్క పేరా. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు. అయిదో కాన్పులో ఏమైంది? చర్చిలో ఆమె ఎలా బతికింది? పోగొట్టుకున్న ఎనిమిది మందినీ తలచుకొని ఏమనుకుంది? నవల చెప్పదు. కొడుకుల దుఃఖం తెలిసిన నవలకు తల్లుల దుఃఖం వినిపించి కూడా వినిపించనట్లే ఉంది. ఆఫ్రికా గతం చీకటి కాదని తన పాఠకులకు నేర్పడం రచయితగా తన బాధ్యత అని అచెబె 1965 నాటి వ్యాసంలో చెప్పాడు. ఆ బాధ్యత న్యాయమైనదే. కాని ఎన్నెకాకు ఆ గతంలో కొంత నిజంగానే చీకటి. ఆమెను వివరంగా చూపితే మిషనరీ గెలిచినట్లవుతుందన్న జంకు రచయితకు ఉండి ఉండవచ్చని నా ఊహ. ఊహ సంగతి ఎలా ఉన్నా, ఆమెకు జరిగిన లోటు పుస్తకంలో కనబడుతూనే ఉంది.

మిషనరీ గెలిచాడా అన్న ప్రశ్నకు అచెబె 1960లో రాసిన 'నో లాంగర్ ఎట్ ఈజ్' నవలలో జవాబు దొరుకుతుంది. న్వోయే ఇప్పుడు ఐజక్. జీవితమంతా ఉపదేశిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వృద్ధుడు. కొడుకు ఓబి, క్లారా అనే అమ్మాయిని పెళ్లి చేసుకుంటానంటాడు. ఆమె ఓసు. ఐజక్ ఒప్పుకోడు. కవలల ఏడుపు విని ఇల్లు విడిచినవాడు, ఓసులను చేర్చుకున్న చర్చిలో పెరిగినవాడు, తన ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాత గీత దాటలేకపోయాడు. ఓసు ఆచారాన్ని నైజీరియా తూర్పు ప్రాంత ప్రభుత్వం 1956లోనే చట్టం చేసి రద్దు చేసింది. చర్చి చెప్పినా, చట్టం చెప్పినా పెళ్లి మాట దగ్గర మనుషులు వెనక్కి తగ్గారు. కియాగా తెరిచిన తలుపు సగమే తెరుచుకుందన్నమాట.

8.7 తెలుగు పాఠకుడి దృష్టి నుంచి

ఓసుల కథ చదువుతుంటే మీకు మన పల్లెలు గుర్తురావడం సహజం. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. ఓసుతనం దేవతకు అంకితం కావడం నుంచి వచ్చింది. మన అంటరానితనం కులవృత్తులతో, భూమితో ముడిపడింది. రెంటినీ ఒకటే అనకండి.

పోలిక ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు ప్రసిద్ధం. 1878 జులై 3న, పెద్ద కరవు తర్వాత, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘటనను ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. కాని ఆ రోజు నీటిలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులు. అంతకు పన్నెండేళ్ల ముందే బాప్తిస్మం పొంది, మాదిగపల్లెల్లో తిరిగి ఈ మాట చెప్పినవాడు యెర్రగుంట్ల పేరయ్య. ఆరుగురిలో తెల్లవాడు ఒక్కడే అన్న అచెబె లెక్క ఇక్కడా సరిపోతుంది. పేరయ్యను పక్కనపెట్టి క్లౌను పొగిడినా, తెగిడినా మనం చేసేది ఒకే పొరపాటు. మతం మార్చుకున్నవారికి సొంత ఆలోచన ఉందని ఒప్పుకోకపోవడమే ఆ పొరపాటు. కరవు వల్ల వెళ్లారనో, బనియన్ల కోసం వెళ్లారనో ఒక్క మాటలో తేల్చడం సులువు. వాళ్లు ఏం వదిలించుకోవాలనుకున్నారో అడిగితే ఆ ప్రశ్న మన ఊరిమీదికే తిరిగి వస్తుంది.

8.8 సారాంశం

నవలలోని మిషనరీ ఒక్క మనిషి కాదు. బ్రౌన్, స్మిత్, కియాగా వేర్వేరు పద్ధతులకు ప్రతినిధులు. బ్రౌన్ దయ, స్మిత్ కాఠిన్యం కంటే లోతైన మార్పు తెచ్చింది. కియాగా నిర్ణయం చర్చికి నిజమైన బలం ఇచ్చింది. న్వోయే, ఓసులు, ఎన్నెకా పాత సమాజంలో తావు దొరకక వెళ్లినవారు. మిషనరీ తలుపు తట్టకముందే ఆ ఇంటి గోడ బీటలు వారి ఉంది. అయితే బీట ఉందన్న సంగతి, ఇంటిని ఆక్రమించుకునే హక్కును పాలకుడికి ఇవ్వదు. ఈ రెండు మాటలనూ ఒకేసారి చెప్పగలగడం నవల బలం. ఎన్నెకా చేత మాట్లాడించకపోవడం దాని పరిమితి.

జవాబు రాసేటప్పుడు తీర్పుతో మొదలుపెట్టకండి. ముందు ఒక పాత్రను, ఒక సంఘటనను తీసుకోండి. అది ఎవరికి మేలు చేసింది, ఎవరికి కీడు చేసిందో రాయండి. తీర్పు దానంతటదే వస్తుంది. అది మీ సొంతదై ఉంటుంది.

8.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. బ్రౌన్ దయ, స్మిత్ కాఠిన్యం: ఇగ్బో సమాజం మీద వీటిలో దేని ప్రభావం ఎక్కువ? చర్చించండి.
2. ఎన్నెకా పాత్ర ఆధారంగా అచెబె దృష్టిలోని పరిమితిని సమీక్షించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. కియాగా నిర్ణయం ప్రాముఖ్యం ఏమిటి?
2. న్వోయే ఐజక్‌గా మారాక అతనిలో మారనిది ఏమిటి?
3. మీ ప్రాంతంలోని ఒక పాత చర్చి, బడి లేదా ఆసుపత్రి కథను పెద్దలను అడిగి తెలుసుకోండి. అందులో స్థానికులు చేసిన పనిని వివరించండి.